ముల్లు కాదు, ఆనె కాదు

మొదట ముల్లనే అనుకున్నాము. కుడికాలి మడమకు కాస్త ముందు, అడుగు వేసినప్పుడల్లా గులకరాయి మీద కాలు పెట్టినట్టు కలుక్కుమనేది. ముళ్లు తీయడంలో మా అమ్మది అందె వేసిన చెయ్యి. మా వీధి పిల్లల ముళ్లన్నీ ఆవిడ చేతిమీదుగా బయటపడ్డవే. కళ్లజోడు సవరించుకుని, పిన్నీసు కొస దీపం మీద కాల్చి, నా కాలు ఒళ్లోకి లాక్కున్నది. పావుగంట కెలికింది. నెత్తురు వచ్చింది గాని ముల్లు రాలేదు.

"ఇది ముల్లు కాదురా, ఆనెకాయ. ఆ బూట్లు మానెయ్యి" అని తేల్చేసింది.

బూట్లు మానేశాను. ఆనెకాయల మీద అంటించుకునే గుండ్రటి పట్టీలు మందుల షాపులో అమ్ముతారు, అవి తెచ్చి అంటించాను. పైతోలు తెల్లగా నాని ఊడివచ్చేది. అమ్మయ్య అనుకునేలోపల మళ్లీ గట్టిపడేది. ఇక లాభం లేదని ఆదివారం తలంటు పోసుకున్నాక, కాలు నానివున్న అదను చూసి, గడ్డం గీసుకునే బ్లేడుతో చెక్కడం మొదలుపెట్టాను. చెక్కిన తరువాత స్నానాలగదిలో వుండే కాళ్లు రుద్దుకునే రాయితో నున్నగా తోమేవాణ్ణి. ఆ రాయి ఇంటిల్లిపాదికీ ఒక్కటే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానితో పని వున్నది.

ఏడాది తిరిగేసరికి ఒకటి కాస్తా మూడయింది. అప్పటికీ ఊరుకునేవాణ్ణేమో గాని, ఒకనాడు మా చిన్నవాడు స్కూలునుంచి కుంటుకుంటూ వచ్చాడు. కాలు పట్టి చూస్తే బొటనవేలి కింద అచ్చు నాకున్నలాంటివే రెండు!

"ఏమండీ, ఆనెకాయలు తండ్రినుంచి కొడుక్కు అంటుకుంటాయా?" అన్నది మా ఆవిడ.

నాకు జవాబు తోచలేదు. మర్నాడే తండ్రీకొడుకులం చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గరకు వెళ్లాము.

ఆవిడ పరీక్షకు మూడు నిమిషాలు పట్టలేదు. మొదట భూతద్దం పెట్టి చూశారు. వేలిముద్రల్లాగే అరికాలి చర్మం మీద కూడా సన్నని గీతలుంటాయి. ఆనె అయితే ఆ గీతలు దానిమీదుగా సాగిపోతాయట. నా కాలిమీద గీతలు అంచుదాకా వచ్చి, ఏట్లో బండకు తగిలిన నీళ్లలాగా పక్కలకు తప్పుకున్నాయి. తరువాత బొటనవేలితో నిలువుగా నొక్కారు, ఓర్చుకున్నాను. రెండువైపులా పట్టి నులిమారు. ప్రాణం పోయినంత పనయింది. నిలువుగా నొక్కితే ఎక్కువ నొప్పి పెట్టేది ఆనె. పక్కలనుంచి పిండితే నొప్పి పెట్టేది ఇది. ఆఖరుకు పైతోలు పలచగా గీరి చూపించారు. లోపల సూదిమొనంత నల్లచుక్కలు నాలుగైదు కనిపించాయి.

"మురికి అనుకుని మీరు కెలుకుతూ వచ్చినవి ఇవే. సన్నని రక్తనాళాల్లో గడ్డకట్టిన నెత్తురు. మీకున్నవీ, బాబుకున్నవీ పులిపిర్లండీ" అన్నారు.

పులిపిరి చేతిమీదో మెడమీదో వుంటుందని తెలుసుగాని, అరికాల్లో కాపరం పెడుతుందని నేనెరగను. చేతిమీద పులిపిరి పైకి లేస్తుంది. అరికాల్లో మనిషి బరువంతా దానిమీద పడి లోపలికి అణగిపోతుంది. పైన తోలు కాయగట్టి ఆనెలాగే కనిపిస్తుంది. ఆనె ఒరిపిడివల్ల వచ్చేది, ఎవరికీ అంటదు. పులిపిరి వైరస్ వల్ల వచ్చేది, అంటుకుంటుంది. 1907లో చ్యూఫో అనే ఇటలీ వైద్యుడు, పులిపిరి రసాన్ని మామూలు సూక్ష్మజీవులు దాటలేని వడపోత గుండా పంపి, ఆ తేటతో కూడా కొత్త పులిపిర్లు మొలుస్తాయని చూపించాడు. ఆ వైరస్‌కు హ్యూమన్ పాపిలోమా వైరస్ అని పేరు. రెండువందలకు పైగా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వారపు కాన్సరు తెచ్చేవీ ఆ కుటుంబంలోవే గాని, అవి వేరు, అరికాలికి పట్టేవి వేరు. పేరు వింటే మా ఆవిడ బెంబేలు పడుతుందని, ఇంటికి వెళ్లగానే మొట్టమొదట ఈ ముక్కే చెప్పాను.

తడినేలా, చర్మంలో కంటికి ఆనని గాటూ వుంటే చాలు, అది లోపలికి దూరుతుంది. దూరిన తరువాత పైకి కనిపించడానికి నెలలు పట్టవచ్చు. దానికి వేళ్లుంటాయనీ, వేరుతో పెకలించాలనీ మనవాళ్లంటారు, అదేమీ లేదు. పైచర్మంలోనే వుంటుంది, లోపలి పొరలోకి దిగదు.

"మీరు బ్లేడుతో చెక్కి, రాయితో తోమి, ఆ రాయే పిల్లవాడూ వాడుకున్నాడన్న మాట" అన్నారు డాక్టరుగారు. నేను మావాడివైపు చూడలేకపోయాను.

మా ఇంట్లో పులిపిర్లు వెలిశాయన్న వార్త రెండు రోజుల్లో చుట్టాలందరికీ పాకింది. ఇక సలహాలు చూసుకోండి! జిల్లేడుపాలు అద్దమని ఒకరు. సున్నమూ చాకలిసోడా సమంగా నూరి అంటించమని ఇంకొకరు. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడే నల్లజీడి వున్నదే, ఆ రసం ఒక్క చుక్క చాలునన్నాడు మా పెదనాన్న కొడుకు. వెల్లుల్లి దంచి కట్టు కట్టమన్న వాళ్లున్నారు. గుర్రపుతోక వెంట్రుకతో బిగించి కట్టమన్నది ఒక పెద్దావిడ. కాడతో వేలాడే పులిపిరికైతే సరే, అరికాల్లో అణగివున్నదానికి వెంట్రుక ఎక్కడ కట్టను? మద్రాసులో వుండి వచ్చిన మా పిన్ని మాత్రం, వైదీశ్వరన్ కోయిల్‌లో ఉప్పూ మిరియాలూ సమర్పించి, కోనేట్లో బెల్లం వేయమన్నది. బెల్లం కరిగినట్టు పులిపిరి కరిగిపోతుందట. అన్ని సలహాల్లోకీ నాకిదే నచ్చింది. ఎవరి కాలూ కాలదు.

మిగతావాటి సంగతి అలా కాదు. జిల్లేడుపాలూ, సున్నం సోడా, జీడిరసం, అన్నీ చేసేది ఒక్కటే పని, తోలును కాల్చడం. డాక్టర్లిచ్చే మందూ ఇంచుమించు ఆ దోవలోదే. కాని దాని పాలు ఎంతో సీసా మీద రాసి వుంటుంది. జీడిగింజ మీద రాసి వుండదు. జీడిరసం పులిపిరి దాటి పారితే కాలంతా బొబ్బలెక్కుతుంది. జిల్లేడుపాలు తగిలిన చేత్తో కన్ను నులుముకుంటే చూపుకే ప్రమాదం.

మరి వీటితో నయమైనవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? లేదు. 1963లో అచ్చయిన ఒక పరిశీలనలో, ఒకేచోట వుండే పిల్లలను రెండేళ్లపాటు గమనిస్తే, మూడింట రెండువంతుల పులిపిర్లు ఏ వైద్యమూ లేకుండానే మాయమయ్యాయి. ఒంట్లోని రక్షణశక్తి ఏదో ఒకనాడు వైరస్‌ను పసిగడుతుంది, అంతే. పెద్దవాళ్లలో ఇంకా ఆలస్యం కావచ్చు. పోయేముందు ఏ ఆకు కట్టివుంటే దానికి పేరొస్తుంది. 1927లో బ్లోక్ అనే జ్యూరిక్ వైద్యుడు, మోటారు చప్పుడూ మిలమిలలాడే దీపాలూ వున్న ఒక ఉత్తుత్తి యంత్రం పెట్టి, రంగునీళ్లు పూసి, ఎందరికో పులిపిర్లు పోయాయని రాశాడు. మా బావమరిది హోమియో అభిమాని, తూజా వేసుకోమన్నాడు. అరికాలి పులిపిర్లకు హోమియో మందులనూ ఉత్తుత్తి మందునూ పక్కపక్కన పెట్టి 1992లో కెనడావాళ్లు చూస్తే తేడా కనిపించలేదు. ఈ మాట అతనికింకా చెప్పలేదు.

డాక్టరుగారు నాకు రాసిచ్చింది శాలిసిలిక్ ఆసిడ్ వున్న పూతమందు. నూటికి పదిహేడు పాళ్లు. రాత్రిపూట గోరువెచ్చని నీళ్లలో అయిదు పది నిమిషాలు కాలు నానబెట్టాలి. మెత్తబడిన తోలును ఆకురాయి పట్టీతో తేలిగ్గా రుద్దాలి. నెత్తురు వచ్చేదాకా రుద్దకూడదు, ఆ పట్టీ ఇంకెవరూ ముట్టకూడదు. చుట్టూ మంచిచర్మానికి వాసెలిన్ రాసి, పులిపిరి మీద మాత్రమే మందు పెట్టి, ఆరిన తరువాత ప్లాస్టరు వేయాలి. మంట ఎక్కువైతే నాలుగు రోజులు మానాలి. ఇలా పన్నెండు వారాలు! మన ఇళ్లలో మందు పనిచేయక ఓడిపోవడం తక్కువ. మూడోవారంలో మనమే మానేస్తాము.

"ద్రవనైట్రోజన్ పెట్టి ఒక్కసారిగా గడ్డకట్టించేస్తారట గదండీ?" అని అడిగాను. అది సున్నాకు 196 డిగ్రీల కింద వుండే చలి. ఒక్కసారితో తేలదు, రెండు మూడు వారాలకొకసారి పెట్టాలి, బొబ్బ లేస్తుంది. ఆవిడ నవ్వి ఒక లెక్క చెప్పారు. 2011లో ఇంగ్లండువాళ్లు అరికాలి పులిపిర్లవాళ్లను 240 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ చలివైద్యం, రెండో జట్టుకు నూటికి యాభైపాళ్ల శాలిసిలిక్ ఆసిడ్ వాడిచూశారు. పన్నెండు వారాలకు పూర్తిగా పోయినవి ఇందులోనూ నూటికి 14, అందులోనూ నూటికి 14. అందుకని చవకైనది, ఇంట్లో చేసుకునేది ముందు అన్నారు. నూటికి పద్నాలుగే అని నాకు నీరసం వచ్చిన మాట నిజం. ప్లాస్టరుపట్టీ ఒక్కటే అంటించుకుంటే పోతుందని 2002లో పెద్ద సంబరంగా చెప్పుకున్నారు గాని, తరువాతి పరీక్షల్లో అది నిలవలేదు.

మొండిపులిపిర్లకు మనదేశంలో మరో వైద్యం చేస్తున్నారు. పిల్లలకు వేసే తట్టు, గవదబిళ్లల టీకామందును పులిపిరిలోకే ఎక్కించడం. లేదా మన పులిపిరి ముక్కనే తీసి ముంజేతి చర్మం కింద నాటడం. దొంగ ఆనవాలు పోలీసుకు పట్టి ఇచ్చినట్టన్న మాట. కోసి తీయించుకోవడం మాత్రం అరికాల్లో అంత మంచిది కాదు. మచ్చగట్టి ఆ మచ్చే జన్మంతా గుచ్చుకోవచ్చు. ఇంకొక మాట: మచ్చ నల్లగా పరచుకుపోతున్నా, ఊరికే నెత్తురు కారుతున్నా పులిపిరేనని కూర్చోకూడదు. అరుదైనా, అరికాల్లో మెలనోమా అనే కాన్సరు వస్తుంది.

మావాడికి మందేమీ రాయలేదు. నొప్పి లేనప్పుడు కదపవద్దని, స్నానాలగదిలో చెప్పులు వేసుకోమని, ప్లాస్టరు వేసి వుంచమని చెప్పారు.

లేచి వస్తుంటే ఆవిడ ఇంకొక మాటన్నారు: "ఇంట్లో షుగరున్నవాళ్లుంటే ఈ సీసా వాళ్లకు అందనివ్వకండి." నాకు షుగరు లేదు గనుక, సరేనండీ అని వచ్చేశాను. ఇంటికొచ్చి మందు గొప్పతనమంతా వర్ణించాను. ఈ ఒక్క మాటా చెప్పలేదు.

మా మామగారికి డెబ్బై దాటాయి. పద్దెనిమిదేళ్ల షుగరు. సంక్రాంతికి వచ్చి, ఆ చలికాలం మా ఇంట్లోనే వున్నారు. చిటికెనవేలి మొదట్లో ఆయనకో ఆనె వున్నది, నిజమైన ఆనె. నేను రోజూ రాత్రి బేసిను ముందేసుకుని చేసే తతంగం చూస్తూనే వున్నారు. ఒకరిని అడిగి చేయించుకునే అలవాటు ఆయనకు లేదు. అందరమూ పడుకున్నాక సీసా తీసి, దూది తడిపి, ఆనె మీదా చుట్టుపక్కలా దట్టంగా పట్టించి, గుడ్డ కట్టుకునేవారు. అలా తొమ్మిది రాత్రులు. నాకైతే మొదటిరోజే చురుక్కుమన్నది. ఆయనకు ఏమీ తెలియలేదు. ఏళ్ల తరబడి షుగరున్న పాదానికి స్పర్శ పోతుంది. నిప్పు మీద కాలు పెట్టినా చెప్పదు.

తడిసిన చాప చూసింది మా ఆవిడ. గుడ్డ విప్పితే చిల్లరనాణెమంత పుండు, దానినుంచి వాసన. ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకువెళ్లాము. ఎక్సురే తీసి, ఎముకకు పాకలేదన్నారు. ఇంకో వారం ఆగివుంటే చిటికెనవేలు తీసేయవలసి వచ్చేదని సర్జనుగారు చెప్పినప్పుడు, మామగారు నా ముఖం వంక చూసి, "మీ తప్పేం లేదు లెండి, అల్లుడుగారూ" అన్నారు. తిట్టివుంటే బాగుండుననిపించింది. మా ఆవిడ దోవ పొడుగునా మాట్లాడలేదు. గుమ్మం దగ్గర మాత్రం, "డాక్టరుగారు చెప్పారా, చెప్పలేదా?" అని అడిగింది. చెప్పారన్నాను.

నాలుగు నెలలు కట్లు కట్టారు. ఆ పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకం కుట్టించిన చెప్పు. పుండు మానడానికి పట్టిన ఆ రోజుల్లోనే, పద్నాలుగో వారంలో, నా పులిపిర్లు పోయాయి. భూతద్దంతో చూస్తే గీతలు మళ్లీ కలుసుకుని సాగిపోతున్నాయి. మావాడివి వేసవి సెలవుల్లో ఎప్పుడు పోయాయో వాడికే తెలియదు.

స్నానాలగది రాయి పారేశాము. ఇప్పుడెవరిది వాళ్లకే. మందుసీసా బీరువా పైఅరలో పెట్టి తాళం వేశాను; దాని మీద ఎర్రసిరాతో 'షుగరున్నవాళ్లు ముట్టరాదు' అని మా ఆవిడ రాసింది. మామగారు వచ్చినప్పుడల్లా సాయంత్రం దీపాలు పెట్టేవేళకు అరికాళ్లు చూసుకుంటారు. నడుం వంగదు గనుక నేల మీద చేతి అద్దం పెట్టాలి. ఆ అద్దం పట్టుకునే పని నాది.