తాత రాసిన కాగితం మనుమడు చదవాలి

గుంజాల లిపి చెబుతున్న పాఠం

ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలంలోని గుంజాల పెద్ద ఊరేమీ కాదు. అయినా ఆ ఊరి పేరు ఇప్పుడు ప్రపంచమంతటా కంప్యూటర్లలో ఉంది. కంప్యూటర్లన్నీ ఒకే తీరున అక్షరాలను గుర్తుపట్టడానికి యూనికోడ్ అనే పట్టిక ఒకటి ఉంది. అందులో 2018 జూన్‌లో తెలుగు, హిందీ, ఉర్దూ లిపుల సరసన "గుంజాల గోండి" అనే లిపికి చోటు దక్కింది. అక్షరాలు, గుణింతపు గుర్తులు, అంకెలు అన్నీ కలిపి 63 గుర్తులు.

గోండులకు భాషే గాని లిపి లేదని చదువుకున్నవారు చాలాకాలం అనుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవారు దేశంలో సుమారు 29 లక్షల 84 వేల మంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ మొదలైన రాష్ట్రాల్లో వీరు విస్తరించి ఉన్నారు. అంతమంది మాట్లాడే భాష నోటి మాటగానే బతికిందన్న అభిప్రాయాన్ని గుంజాల కాగితాలు మార్చివేశాయి.

2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలోని పరిశోధక బృందం కృషితో ఈ ఊళ్లోని రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. అవి సుమారు ఒక డజను. 1750 ప్రాంతానివి కావచ్చునని పండితుల అంచనా. నెలల పేర్లు, వారాల పేర్లు, అంకెలు, వ్యాకరణ విషయాలు, జాతకచక్రం, చంద్రపూర్ గోండు రాజుల సంగతులు వాటిలో ఉన్నాయి. అప్పటికి ఆ లిపిని చదవగలిగిన పెద్దలు ఊళ్లో కొద్దిమందే మిగిలి ఉన్నారు.

యకారంతో మొదలు

మన అక్షరమాలలో హల్లులు "క"తో మొదలవుతాయి. గుంజాల లిపిలో అలా కాదు. య, వ, బ, భ, మ ముందు వస్తాయి. "క" ఆ తర్వాతే. ఈ వరుస పక్క భాష నుంచి తెచ్చుకున్నది కాదు. బయటి పండితుడు ఎంత చదువుకున్నవాడైనా ఈ వరుస ఊరి పెద్దల నోటి నుంచి వినాల్సిందే.

కాగితం దొరికింది, దాన్ని చదివే మనిషీ బతికే ఉన్నాడు. రెండూ ఒకేసారి కుదిరాయి కనుకనే లిపి నిలిచింది. ఇంకో ఇరవై, ముప్పై ఏళ్లు ఆలస్యమై ఉంటే కాగితాలు దొరికినా అవి చదవరాని గీతలుగానే మిగిలేవేమో. తర్వాతి కాలంలో ఈ లిపిలో పిల్లలకు వాచకం వెలువడింది. కంప్యూటర్‌కు అక్షరాల అచ్చులు తయారయ్యాయి.

భాండాగారంలో జరిగే పని

ఇదంతా ఒక వృత్తి అని పల్లెల్లో చాలామందికి తెలియదు. లైబ్రేరియన్ అంటే పుస్తకం ఇచ్చి సంతకం తీసుకునే ఉద్యోగి అని మాత్రమే అనుకుంటారు. జయధీర్ తిరుమలరావు హైదరాబాద్‌లోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత భాండాగారానికి సంచాలకులుగా కూడా పనిచేశారు. తాళపత్రాలు, పాత రాతప్రతులు భద్రపరిచే సంస్థ అది.

అలాంటి చోట పని ఒక వరుసలో సాగుతుంది. ప్రతి ఎవరి ఇంట్లో దొరికింది, ఎవరు ఇచ్చారు, ఎన్ని ఆకులున్నాయి, మొదటి పంక్తి ఏది, చివరి పంక్తి ఏది అన్నది ముందు రాసుకుంటారు. దుమ్ము దులిపి, చిరుగులు సరిచేస్తారు. ఫొటో తీస్తారు. తర్వాత తెలిసినవారిచేత చదివించి నకలు రాయిస్తారు. ఈ వివరాల్లో ఒకటి తప్పిపోయినా ఆ ప్రతి తల్లీతండ్రీ తెలియని బిడ్డే.

ఆదివాసుల కాగితాల విషయంలో ఇంకొక నియమం కూడా ఉంది. కొన్ని సంగతులు ఆ వంశానికే పరిమితం. కొన్ని పూజల మాటలు పరాయివారి చెవిన పడకూడదు. ఆస్ట్రేలియాలో 1964లో ఏర్పడిన ఆదివాసీ అధ్యయన సంస్థ అలాంటి పవిత్ర విషయాలను ఎవరు పడితే వారికి చూపించదు. అడిగి తీసుకోవడం, చెప్పి అచ్చు వేయడం, నకలు ఒకటి ఇంటివారికి తిరిగి ఇవ్వడం ఈ పనిలో మర్యాద.

మార్లవాయి నుంచి లండన్ దాకా

ఈ జిల్లాలో గోండుల గురించిన పరిశోధన కొత్తది కాదు. 1940లో జోడెఘాట్‌లో కొమరం భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితిని తెలుసుకునే పనిని ఆస్ట్రియా దేశీయుడు హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో కాపురం పెట్టారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటి గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. గోండుల మీద ఆయన రాసిన గ్రంథం 1948లో అచ్చయింది.

నిజాం ప్రభుత్వ అధికారి సేతుమాధవరావు పగడి కూడా గోండి నేర్చుకున్నారు. ఆదిలాబాద్ గోండుల మీద ఆయన పుస్తకం 1949లో వెలువడింది. గూడెంలో మాట విని రాసుకున్న ఆ మనిషే తర్వాత పాత పారశీక దస్తావేజులు చదివి మరాఠా చరిత్రను వెలికితీశారు.

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో మరణించారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో కన్నుమూశారు. ఆయన అస్థికలు 2012లో భార్య సమాధి పక్కకు చేరాయి. కాని ఆయన తీసిన ఫొటోలు, రాసుకున్న నోటు పుస్తకాలు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయస్ కళాశాల భాండాగారంలో ఉన్నాయి. ఫొటోలు ఇప్పుడు ఇంటర్‌నెట్‌లో చూడవచ్చు. వాటిలో కనిపించే ఆసామి ఎవరి తాత, ఆ దండారి ఏ ఊరిది అన్నది లండన్‌లో కూర్చున్నవారికి తెలియడం కష్టం. మార్లవాయిలో ముసలివారు చెప్పగలరు. ఆ పేర్లు అడిగి రాసుకునే మనిషి కావాలి. ఆ మనిషి గోండి తెలిసినవాడైతే పని తేలిక.

ఎవరి అరలు వారివి

ఎవరి వరుస వారిదన్న గుంజాల అక్షరాల మాట గ్రంథాలయంలోని పుస్తకాలకూ వర్తిస్తుంది. కెనడాలో మోహాక్ తెగకు చెందిన బ్రయాన్ డీర్ ఆ దేశంలో గ్రంథాలయ వృత్తి చేపట్టిన తొలి ఆదివాసుల్లో ఒకరు. అమెరికా ఖండంలోని పెద్ద గ్రంథాలయాల్లో ఆదివాసుల గురించిన పుస్తకాలను ఎక్కువగా చరిత్ర అరల్లోకి తోసేవారు. వారు గతించిన జనం అన్నట్టుగా ఉండేది ఆ అమరిక. తెగల పేర్లను అక్షర క్రమంలో పెట్టడం వల్ల పక్కపక్క ఊళ్ల వారు కూడా వేరు వేరు అరల్లో పడేవారు.

ఆదివాసుల జాతీయ సంఘం గ్రంథాలయంలో పనిచేసిన 1974–76 సంవత్సరాల్లో డీర్ కొత్త పద్ధతి తయారు చేశారు. భూమి, హక్కులు, చదువు, ఆరోగ్యం అంటూ జనానికి నేడు పనికివచ్చే శీర్షికలు పెట్టారు. ఇరుగుపొరుగు తెగలకు అరల్లోనూ ఇరుగుపొరుగుగానే చోటిచ్చారు. ఆయన 2019లో మరణించారు. ఆ పద్ధతిని కెనడాలో కొన్ని గ్రంథాలయాలు తమ అవసరానికి తగినట్టు మార్చుకుని వాడుతున్నాయి.

హక్కుకు ఆధారం

పాత కాగితం వల్ల కడుపు నిండుతుందా అని అడిగేవారున్నారు. పోడు భూమి కోసం తిరిగినవారికి దాని విలువ తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు కోరే గిరిజనుడు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే ఆ భూమి తన ఆధీనంలో ఉందని చూపాలి. 2008 నియమాల ప్రకారం గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే నివేదికలు, పటాలు ఆధారాలుగా పనికివస్తాయి. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు కూడా చెల్లుతాయి. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ ఆధారమే. వంశవృక్షం కూడా ఆధారమే. ఒకటికి మించిన ఆధారాలను పరిశీలించాలని నియమం.

గోండు వంశాల గాథలను కిక్రి వాయిస్తూ ప్రధానులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. ఏ వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ దేవుణ్ణి కొలుస్తుంది అన్నది వారికి కంఠస్థం. ఆ పాటను, ఊరి పెద్ద మాటను, కచేరీలోని పాత పటాన్ని ఒకచోట చేర్చడం పరిశోధకుని పని. ఊరికి ఆ మనిషి లేకపోతే ఆధారం బీరువాలోనే ఉంటుంది, హక్కు అడవిలోనే ఉంటుంది.

చదువు ఎక్కడ?

డిగ్రీ చదివినవారు గ్రంథాలయ శాస్త్రంలో ఒక సంవత్సరం బి.ఎల్.ఐ.ఎస్‌సి. కోర్సు చేయవచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రం బోధిస్తున్నారు. ఇంటి దగ్గర ఉండి చదవాలనుకునేవారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. పాత దస్తావేజుల సంరక్షణకు ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారం ఆధ్వర్యంలోని పాఠశాల డిప్లొమా ఇస్తున్నది. హైదరాబాద్‌లో గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థ, తార్నాకలో రాష్ట్ర అభిలేఖాగారం ఈ పని చూసి నేర్చుకోదగిన చోట్లు.

ఈ చదువు చదివిన ప్రతివారికీ వెంటనే కొలువు దొరుకుతుందని చెప్పలేం. కాని గోండి, కొలామి వంటి భాష ఇంట్లోనే నేర్చిన యువకునికి ఈ పనిలో ఉన్న పట్టు పట్నంలో పుట్టినవారికి ఉండదు. డిగ్రీ కాలేజీ ఇస్తుంది. భాష తల్లి మాత్రమే ఇస్తుంది.

ఇంట్లో పాత కాగితాలుంటే

కాలేజీకి పోనివారు కూడా చేయగలిగింది ఉంది. ఇంట్లో పాత రాతలు, పట్టాలు, ఫొటోలు ఉంటే వాటికి ప్లాస్టిక్ లామినేషన్ చేయించరాదు. చిరుగులకు అంటించే టేపు వేయరాదు. పెన్నుతో వాటి మీద ఏమీ రాయరాదు. పొగ, తడి తగలని చోట ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, చెదలు చేరకుండా నేలకు ఎత్తుగా ఉంచాలి. ఏడాదికి రెండుమూడుసార్లు విప్పి నీడలో ఆరనివ్వాలి. ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకుంటే మంచిది. అసలు కాగితాన్ని రశీదు లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. ఇంట్లో ముసలివారు ఉన్నప్పుడే ఆ కాగితం ముందు పెట్టి చదివించుకోవాలి. కాగితానికి ముడతలు పడినా సరిచేసేవారు ఉన్నారు. చదవగలిగిన మనిషి పోతే సరిచేసేవారు లేరు. గుంజాలలో ఆ మనుషులు మిగిలి ఉన్నారు కనుక నేడు పిల్లలు "య" దిద్దగలుగుతున్నారు.