కొత్త కంప్యూటరులో పాత విండోస్ - తొందరపడితే ఫైళ్లు గల్లంతు

కొత్త నీరు వస్తే పాత నీరు పోతుందంటారు. శుభలేఖలు, కరపత్రాలు వేసే చిన్న డి.టి.పి. కేంద్రాలలో మాత్రం పాత నీటితోనే పని. చేతికి అలవాటైన తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు, పాత ప్రింటరు కొన్ని చోట్ల విండోస్ 7 మీదే నడుస్తాయి. అయితే కొత్త కంప్యూటరు కొని ఆ పాత డిస్కు పెడితే హెచ్చరిక వచ్చి పని ఆగిపోతుంది.

లోపం డిస్కులో లేదు. కాపలా మారింది. మీట నొక్కగానే విండోస్ కంటే ముందు మేలుకునేది మదర్‌బోర్డు చిప్పులోని ప్రోగ్రాము. పూర్వం అది బయాస్, ఇప్పుడు యు.ఇ.ఎఫ్.ఐ. 2012లో విండోస్ 8తో వచ్చిన కంప్యూటర్ల నుంచి ఇందులో ‘సెక్యూర్ బూట్’ ఉంటున్నది. గుర్తింపు ముద్ర ఉన్న ప్రోగ్రామునే ఇది లోనికి పంపుతుంది. వైరస్ ముందుగా జొరబడకుండా చేసిన ఏర్పాటిది. 2009 నాటి విండోస్ 7కు ఆ ముద్ర లేదు.

మార్గం ఉంది. కంప్యూటరు వెయ్యగానే డిలీట్ గాని, ఎఫ్ 2 గాని నొక్కితే సెట్టింగుల పేజీ వస్తుంది. కంపెనీని బట్టి మీట మారవచ్చు. అక్కడ సెక్యూర్ బూట్ ఆపి, సి.ఎస్.ఎం. అనే పాత పద్ధతిని తెరిచి, డిస్కును బూట్ వరుసలో ముందు పెట్టాలి. మార్చే ముందు పాత సెట్టింగులు కాగితం మీద రాసుకోవడం మంచిది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పాత పద్ధతికి హార్డ్ డిస్కును ఎం.బి.ఆర్. విధానంలోకి మార్చవలసి ఉంటుంది. విండోస్ డిస్కుతో అలా మారిస్తే అందులోని ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కనుక ముందే వేరే డిస్కులోకి నకలు తీసుకోవాలి. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ దగ్గర లేనిదే సెట్టింగుల జోలికి పోరాదు.

ఇంత చేసినా పని జరుగుతుందన్న భరోసా లేదు. ఇటీవలి యంత్రాలు చాలావాటిలో సి.ఎస్.ఎం. తీసివేశారు. కొన్నింటిలో యు.ఎస్.బి. డ్రైవర్లు ముందుగా చేర్చకపోతే కీబోర్డు, మౌస్ సైతం పలకవు. పైగా మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో విండోస్ 7కు మద్దతు ముగించింది. దానిలో బ్యాంకు లావాదేవీలు చేయడం దొంగకు తలుపు తెరిచినట్లే.

అంతకంటే తేలిక దారి ఒకటుంది. కొత్త విండోస్ లోపలే ‘వర్చువల్ మెషీన్’ పెట్టి, అందులో విండోస్ 7 నడుపుకోవచ్చు. సెట్టింగులు మార్చి కాపలా తీసేయనక్కరలేదు, డిస్కు చెరపనక్కరలేదు. పాత కంప్యూటరు ఇంకా పనిచేస్తుంటే, ఇంటర్నెట్ తీగ తీసివేసి శుభలేఖల పనికే ఉంచుకోవడం ఖర్చు లేని ఉపాయం.