వేడి లేని ఎండ

హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం గడప దాటాలంటే చున్నీయో తువ్వాలో నెత్తిమీదికి రావాల్సిందే. అదే మనిషి టొరంటోలో, అదే ఏప్రిల్‌లో, చలిగాలి మధ్య కాస్త ఎండ పొడ తగిలితే చాలు, జాకెట్ జిప్పు దించి ముఖం అటు తిప్పుకుని హాయిగా నిలబడతాడు. రెండు చోట్లా అతను ఎండను ఒంటికి తగిలే వేడిని బట్టే అంచనా వేసుకుంటున్నాడు. చర్మాన్ని వయసుకు ముందే ముదిరేలా చేసే అతినీలలోహిత కిరణాలకూ ఆ వేడికీ సంబంధం లేదు. అవి తగిలినట్టే తెలియదు. కందిపోయాక తెలుస్తుంది, ముడతలు పడ్డాక తెలుస్తుంది.

ఒంటికి తెలియనిదాన్ని తెలుసుకోవాలంటే వేరే కొలత కావాలి. ఆ కొలతను తయారు చేసింది కెనడావాళ్లే. 1987లో, ఆ కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొరను కాపాడే అంతర్జాతీయ ఒప్పందం మాంట్రియల్‌లో కుదిరింది. పొర పలచబడితే నేలకు దిగే కిరణాలు ఎంత పెరుగుతాయో జనానికి అర్థమయ్యేలా చెప్పడం ఎలాగన్నది తర్వాతి ప్రశ్న. కెనడా పర్యావరణ శాఖ శాస్త్రవేత్తలు జిమ్ కెర్, టామ్ మెకెల్‌రాయ్, డేవిడ్ వార్డిల్ దాన్ని ఒక్క అంకెకు కుదించారు. అదే యూవీ (అతినీలలోహిత) ఇండెక్స్. 1992 మేలో కెనడా దేశమంతటికీ రోజువారీ అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రపంచంలో అలా చేసిన తొలి దేశం అదే. మరో రెండేళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని స్వీకరించాయి.

లెక్క సులువైనదే. చర్మాన్ని కందించే కిరణాల తీవ్రత చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లుంటే ఒక పాయింటు. ఉష్ణమండలంలో మబ్బు లేని మధ్యాహ్నానికి పది వస్తుందని మొదట్లో అనుకున్నారు. హైదరాబాద్ వేసవి మధ్యాహ్నాలు పదకొండు దాటేస్తాయి. టొరంటోలో డిసెంబరులో ఒకటి వస్తే గొప్ప, కానీ జూన్ చివర్లో ఎనిమిది, తొమ్మిది మామూలే. గాలిలో వేడి 22 డిగ్రీలే ఉన్నా సరే. ఇండెక్స్ మూడుకు చేరితే రక్షణ అవసరమని అక్కడి ఆరోగ్య శాఖ సూచన. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, పగలు పదకొండుకీ మూడుకీ మధ్య, మూడు దాటడం సాధారణం.

అయితే ఈ అంకెకు ఒక పరిమితి ఉంది. అది ముఖ్యంగా చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను పట్టుకుంటుంది. నేలకు చేరే అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 95 శాతం యూవీఏ. చర్మం ముదరడంలో వీటిదే పెద్ద పాత్ర, పైగా ఇవి చలికాలంలో యూవీబీ అంతగా పడిపోవు. 1988లో వెలువడిన ఒక పరిశోధన కెనడాలోని ఎడ్మంటన్‌లో అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండలో విటమిన్ డి తయారీ దాదాపు జరగదని చూపించింది. దానికి కావాల్సింది యూవీబీ, ఆ నెలల్లో సూర్యుడు మరీ ఏటవాలుగా ఉంటాడు. అంటే శీతాకాలపు ఎండలో లాభం పోయి, నష్టంలో కొంత వాటా మాత్రం మిగులుతుంది. కెనడాలో పాలకు విటమిన్ డి కలపడం తప్పనిసరి చేశారు కాబట్టి, దానికోసం ముఖాన్ని ఎండబెట్టుకోవాల్సిన పనిలేదు.

మంచు సంగతి వేరు. తాజాగా కురిసిన మంచు యూవీలో 80 శాతం వరకూ తిరిగి పైకి కొడుతుంది. టోపీ అంచు పైనుంచి వచ్చేదాన్ని ఆపుతుందే తప్ప కిందినుంచి వచ్చేదాన్ని ఆపలేదు. దానికి తోడు ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ యూవీ 10 నుంచి 12 శాతం పెరుగుతుంది. బాన్ఫ్ కొండల్లో మార్చి నెల స్కీయింగ్‌కు వెళ్లినవాళ్లు గడ్డం కిందా ముక్కు కిందా కందిపోయి రావడం అందుకే. ఉత్తరాది ఇన్యూట్ ప్రజలు ఈ సంగతిని కళ్ల విషయంలో ఎప్పుడో గ్రహించారు. కారిబూ కొమ్మునో, దంతాన్నో, కర్రనో ముఖానికి అతుక్కునేలా చెక్కి, కళ్ల ముందు సన్నటి అడ్డచీలిక మాత్రం వదిలేవారు. మెరుపు తగ్గడానికి లోపలివైపు మసి పూసేవారు.

యూవీఏ లోతుగా పోతుంది. పైపొర దాటి కొల్లాజెన్ పోగులు అల్లుకున్న లోపలిపొరను తాకుతుంది. ఎండ తగిలిన చర్మంలో కొల్లాజెన్‌ను ముక్కలు చేసే ఎంజైములు పెరుగుతాయని మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ఫిషర్, జాన్ వోర్హీస్ బృందం 1990లలో తేల్చింది. కందనవసరం లేదు, అంతకంటే తక్కువ మోతాదే చాలు. శరీరం మరమ్మతు చేసుకుంటుంది గానీ ప్రతిసారీ కొంత లోపం మిగిలిపోతుంది. ఏళ్లు గడిచేసరికి పాత నులకమంచంలా అల్లిక వదులవుతుంది.

దీనికి కళ్లకు కట్టే సాక్ష్యం 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అచ్చు వేసిన ఫొటో. ఇరవై ఎనిమిదేళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికన్ ముఖం. కుడి చెంప వయసుకు తగ్గట్టే ఉంది. కిటికీ వైపున్న ఎడమ చెంప గాళ్లు పడి, దళసరెక్కి, ఇరవై ఏళ్లు ముందుకెళ్లినట్టుంది. అద్దం యూవీబీని ఆపేస్తుంది, యూవీఏని పూర్తిగా ఆపదు. 2016లో 29 కార్లను కొలిచి చూస్తే ముందు అద్దం సగటున 96 శాతం యూవీఏని ఆపింది, పక్క అద్దం 71 శాతమే. విజయవాడలో కారు నడిపేవారికి కుడి చెంప, మిస్సిసాగాలో నడిపేవారికి ఎడమ చెంప ఆ ఖర్చు భరిస్తాయన్నమాట.

మరి చామనఛాయ చర్మం? చర్మానికి రంగునిచ్చే మెలనిన్ నిజంగానే కాపాడుతుంది. తెల్లవాళ్లతో పోలిస్తే మనవాళ్లకు ముడతలు ఆలస్యంగా వస్తాయి. కానీ ముదుసలితనం మొదట రంగులో బయటపడుతుంది: చెంపల మీద మంగు, కణతల దగ్గర నల్లమచ్చలు, కళ్ల చుట్టూ నలుపు. ఇక్కడ యూవీ ఒక్కటే దోషి కాదు. విండ్సర్‌కు నది అవతలే ఉన్న డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి వైద్యులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో, ముదురు రంగు చర్మం మీద మామూలు వెలుగు తెచ్చిన నలుపు యూవీఏ తెచ్చినదానికంటే గాఢంగా, ఎక్కువ కాలం నిలిచింది. రంగు లేని సన్‌స్క్రీన్లు ఈ వెలుగును పెద్దగా ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత మట్టిరంగు సన్‌స్క్రీన్లు ఆపుతాయి.

సన్‌స్క్రీన్ ముడతలను నిజంగా ఆపుతుందా అన్న అనుమానానికి ఆస్ట్రేలియాలోని నాంబర్ పట్టణం జవాబిచ్చింది. అక్కడ 1992 నుంచి 1996 వరకూ 55 ఏళ్లలోపు 903 మందిని పరిశీలించారు. రోజూ రాసుకున్నవాళ్లలో, ఇష్టమైనప్పుడు రాసుకున్నవాళ్లకంటే చర్మం ముదరడం 24 శాతం తక్కువ. అద్భుతమేమీ కాదు, అయినా ధర చూసి కొనే ముడతల క్రీముల్లో ఎన్నింటికి ఇంత గట్టి రుజువుంది?

చాలామంది తప్పేది మోతాదులో. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాములు రాసి ఎస్‌పీఎఫ్ లెక్కిస్తారు, జనం అందులో సగమో పావో రాస్తారు. ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి. కెనడా సన్‌స్క్రీన్‌ను సౌందర్య సామగ్రిగా చూడదు. సీసా మీద ఎనిమిది అంకెల ప్రభుత్వ నమోదు సంఖ్య ఉండాల్సిందే. ఎస్‌పీఎఫ్ 30తో పాటు గుండ్రటి గీతలో యూవీఏ అన్న అక్షరాలు ఉన్నాయేమో చూసి కొనాలి. రంగున్నవాటిలో లేత షేడ్లే ఎక్కువ, మన ఛాయకు కుదిరేది వెతుక్కోవాలి. చేతి మీద కాకుండా దవడ అంచున రాసి, దుకాణం బయటి వెలుతురులో చూసుకుంటే కలిసిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.