ప్రవాహమున కెదురేగు ట్రౌటు చేపలు

వరదనీటి కెదురీదు పులసను గూర్చి యెఱుగనివారు మన యానాములో నుండరు. అటువంటి యెదురీతనే, మంచుకొండల నడుమ, అమెరికాలోని ట్రౌటు చేపలు గావించుచున్నవి. వానిని గూర్చి మేము తెలిసికొన్న సంగతులను పాఠకుల కిచట విన్నవించుచున్నాము.

వయోమింగ్ రాష్ట్రమున యెల్లోస్టోన్ సరస్సు సముద్రమట్టమునకు సుమారు 7,700 అడుగుల యెత్తున కలదు. అందలి స్వదేశపు ట్రౌటునకు దవడ క్రింద కత్తితో గీచినట్లు ఎఱ్ఱని చార యుండును. అందుచే దానిని 'కట్‌థ్రోట్', అనగా కుత్తుక తెగినది, అని పిలుతురు. పేరు క్రూరమైనను చేప మిక్కిలి సొగసైనది.

వసంతము ముదిరి మంచు కరగినంతనే వాగులు పొంగును. మే మొదలు జూలై వఱకు ఈ చేపలు సరస్సును విడిచి వాగులలోనికి ఎగబ్రాకును. సరస్సునుండి వెడలు నదిలో నివసించునవియు నట్లే ఎగువకు బయలుదేరును. ఆ నదిలో లెహార్డీ అనుచోట నీరు బండలపై నుఱుకుచు నురుగులు గ్రక్కును. చేప ఎగురును, నీరు దానిని వెనుకకు త్రోయును. బండచాటున కొంత తడవు సేదదీరి, మరల ఎగురును. జూన్ మాసమున ఈ దృశ్యమును చూచుటకు జనులు గట్టున గుమిగూడుదురు.

ఇంతటి శ్రమ యెందులకు? గ్రుడ్లకు గులకరాళ్ళ సందులలో పాఱు చల్లని తేటనీరు కావలెను. ఆడుచేప ప్రక్కకు ఒరిగి, తోకతో రాళ్ళను చెదరగొట్టి, గుంట చేసి గ్రుడ్లు పెట్టును. మగచేప వానిని ఫలదీకరించిన పిదప, ఆడుచేప తిరిగి రాళ్ళతో కప్పును. సందులలో పాఱు నీరే గ్రుడ్లకు ప్రాణవాయువు నందించును. అచట బురద పేరుకొన్నచో అవి ఊపిరాడక నశించును. సుమారు నెల దినములకు పిల్లలు వెలువడును. పసిఫిక్ సాల్మన్ చేపలవలె గ్రుడ్లు పెట్టినంతనే చావవలెనను నియమము ట్రౌటునకు లేదు. బ్రదికి సరస్సు చేరినవి మఱియొక వసంతమున మరల రాగలవు.

అయినను రాక తగ్గినది. క్లియర్ క్రీక్ అను వాగులో 1978లో లెక్కింపగా 70,000కు పైగా చేపలు ఎగువకు పోయెను. 2007లో ఆ సంఖ్య సుమారు 500 మాత్రమే! కరవును, ఒక వ్యాధియు కొంత చెఱుపు చేసినను, ప్రధాన శత్రువు 1994లో ఈ సరస్సున కనుగొనబడిన 'లేక్ ట్రౌటు' అను అన్యప్రాంతపు చేప. అది కట్‌థ్రోట్‌ను మ్రింగి బలియును. లోతునీటిలో మసలుచు, గ్రుడ్లను సరస్సులోనే పెట్టును గాని వాగు లెక్కదు. కావున వాగుగట్టున కాచియుండు ఎలుగుబంటికి పాత ఆహారము పోయెను, క్రొత్తది అందదు.

ఉద్యానవనాధికారులు ఏటేట వలలు వేయించి లేక్ ట్రౌటును లక్షలకొలదిగా పట్టించిరి. ఇపుడు కొన్ని వాగులలో ఎఱ్ఱచార చేపలు మరల ఎగబ్రాకుచున్నవి.