పటమును గీయించు ఆట

2010వ సంవత్సరము జనవరి 12వ తేదీన హైతీ దేశమున పెను భూకంపము సంభవించెను. రాజధానియైన పోర్టోప్రిన్సు నగరములో వేలకొలది ఇండ్లు నేలమట్టమయ్యెను. సహాయకులు వచ్చిరి. కాని ఏ వీధి ఎచ్చటికి పోవునో తెలుపు సరియైన పటము వారికి లేకపోయెను. అప్పుడు పలుదేశముల స్వచ్ఛంద సేవకులు వందలకొలది తమ ఇండ్లలోనే కూర్చుండి, ఉపగ్రహ ఛాయాచిత్రములను చూచుచు, ఆ వీధులను ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్’ అను పటముపై గీసిరి. 2004లో ఇంగ్లండున స్టీవ్ కోస్ట్ ఆరంభించిన ఈ పటమును ఎవరైనను దిద్దవచ్చును. ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును.

ఆపద వచ్చినపుడు జనులు తమంతట తాము కదలుదురు. తక్కిన దినముల మాట ఏమి? ఈ బాట మట్టిదా, తారు వేసినదా? ఈ దుకాణము ఏ వేళకు తెరతురు? ఆకాశమునుండి తీసిన చిత్రములో ఇవి తెలియవు. ఎవరో ఒకరు నడచిపోయి చూడవలసినదే. పని స్వల్పము, విసుగు మాత్రము అధికము.

ఆ విసుగును పోగొట్టుటకు ‘స్ట్రీట్‌కంప్లీట్’ అను సాధన మొకటి వెలువడినది. సెల్‌ఫోనులోని పటముపై, వివరము తెలియని ప్రతి తావునను ఒక గుర్తు కనబడును. దానిని తాకినచో ఒక చిన్న ప్రశ్న వచ్చును. చూచి సమాధానమిచ్చినవారికి ఒక నక్షత్రము లభించును. వారు ఆ తావునకు దూరముగా నున్నచో, స్వయముగా పోయి చూచితిరా యని సాధనము అడుగును. ఆ నక్షత్రములతో కొనదగిన వస్తువేదియు లేదు. అయినను పిల్లలు గెలిచిన గోలీలను లెక్కించుకొన్నట్లు, పెద్దలు వానిని లెక్కించుకొనుచు మరియొక వీధి తిరిగి వత్తురు.

అన్ని ఆటలును ఇట్టివి కావు. ‘పోకెమాన్ గో’ అను ఆటలో వింతజీవులను వెదకి పట్టుకొనవలెను. 2017 డిసెంబరులో ఆ ఆట ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను తన పటముగా గ్రహించెను. ఉద్యానములలో కొన్ని జీవులు అధికముగా దొరకునని ఆటగాండ్రు తలచిరి. కొందరు తమ ఊరిలో నిజముగా నున్న తోటలను, కాలిబాటలను పటమున చేర్చిరి, అది మేలే. మరికొందరు లేని తోటలను గీసిరి. 2024లో సముద్రతీరమున దొరకు జీవి యొకటి ఆటలోనికి రాగా, సముద్రమే లేని తావులలో ఇసుక తీరములు వెలసినవి! మొదటి ఆటలో ప్రతిఫలము చూచినందుకు; ఇచ్చట గీసినందుకు. భేదమంతయు అందే యున్నది.

ఆ దొంగ తీరములను ఒక్కొక్కటిగా వెదకి తుడిచివేసినవారును స్వచ్ఛంద సేవకులే. ఆ శ్రమకు ఏ ఆటయు వారికి నక్షత్రము నీయలేదు.