పొద్దెక్కినా ఆరని వీధి దీపాలు: పాత డబ్బాకు కొత్త కన్ను

నారాయణఖేడ్: తెల్లవారి పొలానికి పోయే రైతుకు వీధి దీపం ఇంకా వెలుగుతూనే కనిపిస్తుంది. మధ్యాహ్నం బస్సు దిగినవారికీ అలాగే కనిపిస్తుంది. పల్లెల్లో, తండాల్లో ఇది ఎవరికీ వింత కాదు. ఆర్పే మనిషి రాలేదేమో అనుకుని వెళ్ళిపోతారు. నిజానికి అలాంటి చాలాచోట్ల ఆర్పడానికి స్విచ్చే ఉండదు.

కారణం తీగల్లో ఉంది. ఇళ్ళకు పోయే ఫేజు నుంచే దీపానికీ కరెంటు తీస్తే, ఇళ్ళకు సరఫరా ఉన్నంతసేపూ దీపం వెలగక తప్పదు. అందుకే వీధి దీపాలకు విడిగా మూడో వైరు లాగే పనిని 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతిలో చేర్చారు. మూడో వైరు ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక్క పెట్టె చాలు. లేనిచోట స్తంభం దగ్గరకే పోయి ఫీజు పీకి పెట్టే మనిషి కావాలి.

పగటి దీపం ఖరీదు లెక్క కడితే తెలుస్తుంది. 250 వాట్ల పాత సోడియం దీపం పగలు 12 గంటలు వెలిగితే 3 యూనిట్లు. చోకు తినేది వేరు. అటువంటివి పది ఉంటే నెలకు 900 యూనిట్లు. 20 వాట్ల ఎల్ఈడీలు పది అయినా నెలకు 72 యూనిట్లు. బిల్లు కట్టవలసింది పంచాయతీ. అంటే మోరీ తీయించడానికి, బోరు మోటారు బాగుచేయించడానికి ఉండవలసిన డబ్బే అది.

డబ్బు సంగతి అలా ఉంచండి. వానలో తడిసిన స్తంభం దగ్గర, గ్లవుజులు లేకుండా, కర్రతో కొక్కెం తగిలించే కూలి మనిషి ప్రాణం మాటేమిటి? సాయంత్రం ఒకసారి, ఉదయం ఒకసారి, ఏడాదికి 730 సార్లు అతను ఆ తీగ దగ్గర చెయ్యి పెడతాడు.

ఈ పనిని ఫొటోసెల్ చేస్తుంది. గుప్పెట్లో పట్టే చిన్న బుడ్డి. లోపలి పదార్థం మీద వెలుతురు పడితే అది తీరు మార్చుకుని దీపాన్ని ఆర్పుతుంది, చీకటి పడితే వెలిగిస్తుంది. గడియారపు టైమరు కంటే ఇదే మన పల్లెకు మేలు. మన ప్రాంతంలో నవంబరు చివర పొద్దు సుమారు ఆరుకు పావుగంట ముందే కుంకుతుంది, జులై మొదట్లో దాదాపు ఏడింటికి. కరెంటు పోతే కొన్ని టైమర్లు వెనకబడతాయి కూడా. కంటికి ఆ బాధ లేదు.

పాత దీపపు డబ్బా గట్టిదైతే పారేయనక్కరలేదు. డబ్బాను కిందికి దించాలి. మూత తీసేముందు కందిరీగల గూడు ఉందేమో చూసుకోవాలి. పైభాగాన రంధ్రం చేసి, అంచు ఆకురాయితో నునుపు చేసి, రబ్బరు వాషరు వేసి సాకెట్టు బిగించాలి. వాషరు వదిలేస్తే మొదటి వానకే నీరు దిగుతుంది. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ డబ్బా అయితే ఈ శ్రమ దండగ. కొత్త ఎల్ఈడీ దీపాల్లో కొన్నింటికి సాకెట్టు ముందే ఉంటుంది, దాని మీది మూత తిప్పి తీసి సెల్ పెట్టడమే.

అసలు చిక్కు రంగుల్లో ఉంది. మనకు ఎరుపు అంటే ఫేజు, నలుపు అంటే న్యూట్రల్ అని అలవాటు. మెలితిప్పి బిగించే ఈ మూడు రేకుల సాకెట్లు అమెరికా పద్ధతివి. చాలావాటిలో నలుపు సరఫరా ఫేజుకు, తెలుపు న్యూట్రల్‌కు, ఎరుపు దీపానికి పోతాయి. అలవాటు చొప్పున ఎరుపును ఫేజుకు, నలుపును న్యూట్రల్‌కు కలిపితే సెల్ లోపలి స్విచ్చి ఆ రెంటినీ ముడివేస్తుంది. ఫీజు ఎగిరిపోతుంది, సెల్ కాలిపోతుంది. కాబట్టి సాకెట్టు మీద రాసి ఉన్నది చదవాలి. సెల్ 230 వోల్టులకు పనికొచ్చేదో కాదో కూడా చూడాలి. అమెరికా ఇళ్ళ 120 వోల్టుల సరుకు ఇక్కడ నిలవదు.

సెల్ కిటికీని ఉత్తరానికి తిప్పాలి. నేరుగా ఎండ తగలడం తగ్గుతుంది. తన దీపం వెలుగు మాత్రం తన కంటి మీద పడకూడదు. పడితే వెలిగి, తెల్లారిందనుకుని ఆరి, మళ్ళీ వెలిగి రాత్రంతా ఇదే తంతు. మెరుపుకూ, లారీ లైట్లకూ మోసపోకుండా సెల్‌లో కొంత ఆలస్యం ఉంటుంది. అందుకే పగలు పరీక్షించేవారు కిటికీకి నల్లగుడ్డ కప్పి రెండు మూడు నిమిషాలు ఆగాలి.

ఇదంతా తెలిసిన ఎలక్ట్రీషియన్ నేల మీద చేయవలసిన పని. స్తంభం విద్యుత్ సంస్థది. లైన్‌మన్‌కు చెప్పి, ఎల్సీ తీసుకుని, సరఫరా ఆగిందని చూసుకున్నాకే నిచ్చెన వేయాలి. "ఒక్క నిమిషమే కదా" అని ఎక్కేవారిని పంచాయతీవారే దించాలి.

మూడో వైరు ఉన్న ఊరు దీపానికో సెల్ కొననక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి పెట్టెలో ఒక కాంటాక్టరు, దానికి ఒక సెల్ చాలు. ఆ ఒక్కటి చెడితే ఊరంతా ఒకేసారి తేడా కనిపిస్తుంది.

చాలా సెల్‌లు చెడినప్పుడు దీపాన్ని వెలుగుతూనే వదిలేస్తాయి. దుమ్ము పట్టిన కిటికీ సాయంత్రం తొందరగా వెలిగించి, పొద్దున ఆలస్యంగా ఆర్పుతుంది. తుడిస్తే సరిపోవచ్చు, లేదంటే సెల్‌ను తిప్పి తీసి మరొకటి పెడతారు. పొద్దెక్కాక వెలుగుతున్న దీపం కంటబడితే స్తంభం నంబరు చూసి పంచాయతీ కార్యదర్శికి చెప్పండి.