ముక్కు నిలిపిన చేయి

బెంగుళూరు నుండి గుంతకల్లుకు పోవు రైలుమార్గము హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు ఊళ్లను ఒకే దారమున గుచ్చినట్లు సాగినది. మొదటిది పట్టుగూళ్ల అంగడికి, రెండవది విజయనగర ప్రభువుల కోటకు, మూడవది పట్టుచీరలకు పేరెన్నిక గన్నవి. తెగిన పోగును పోగుతో కలుపుట ఈ సీమలో ఎన్నో కుటుంబములకు కూడు పెట్టు విద్య. మనిషి ముఖమును అతుకు విద్యకు కూడ పట్టుదారముతో చుట్టరికము కలదు. జ్ఞానదంతమును తీసిన పిదప చిగురును కుట్టుటకు దంతవైద్యులు నేటికిని నల్లని పట్టుదారమును వాడుచున్నారు.

మన భాషలో ముఖమనగా కన్నులు, ముక్కు, నోరు మాత్రమే కాదు. తప్పు చేసినవాడు 'ఏ ముఖము పెట్టుకొని పోదును' అనును. అవమానము పొందినవానికి నలుగురిలో ముఖము చెల్లదు. ముఖము పోయిన మనిషికి సంఘములో చోటు పోయినట్లే. ఈ సంగతి ఎరిగినవారే పూర్వము ముక్కు కోయుటను శిక్షగా కల్పించినారు. శూర్పణఖ కథ నుండి 17వ శతాబ్దిలో మైసూరు, మధుర రాజ్యముల నడుమ జరిగిన 'ముక్కుల యుద్ధము' వరకు ఈ క్రూరమైన ఆచారము కనిపించుచునే యున్నది. ప్రాణము తీయుట శిక్షకు అంతము. ముఖము తీయుట శిక్షకు ఆరంభము.

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో ఇటువంటి కథయే ఒకటి కలదు. పెనుకొండలో కోశాధికారిగా నుండిన విరూపణ్ణ రాజాజ్ఞ లేకయే బొక్కసపు ధనముతో వీరభద్రాలయమును కట్టించెననియు, కన్నులు తీయింపుమని రాజు ఆజ్ఞాపింపగా తానే వానిని పెరికి గోడకు విసరెననియు జనులు చెప్పుకొందురు. గోడమీది రెండు ఎర్రని మరకలను నేటికిని యాత్రికులకు చూపుచుందురు. పోయిన కన్నును తిరిగి తెచ్చు విద్య ఆనాడు ఎక్కడను లేదు. పోయిన ముక్కును తిరిగి తెచ్చు విద్య మాత్రము మన దేశమున కలదు. ఆ విద్య లోకమునకు వెల్లడియగుటకు మైసూరు యుద్ధమే కారణమైనది.

18వ శతాబ్ది ఉత్తరార్ధమున పెనుకొండ సీమ హైదరాలీ, టిప్పు సుల్తానుల యేలుబడిలోనికి పోయినది. 1790లో టిప్పునకు, ఇంగ్లీషు కుంపినీకి మూడవ మైసూరు యుద్ధము మొదలైనది. ఆనాటి సైన్యములకు ఎడ్లే ప్రాణము. బియ్యము, మందుగుండు, ఫిరంగులు అన్నియు ఎడ్ల బలముపైననే కదలవలెను. 1791 మార్చిలో బెంగుళూరును పట్టిన కారన్‌వాలిస్, మే నెలలో శ్రీరంగపట్టణపు ముంగిటి దాక పోయియు, ఎడ్లు చచ్చి తిండి కరవై, పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టించి వెనుదిరుగవలసి వచ్చినది. కనుక ఎడ్లు తోలువాడు కత్తి పట్టకున్నను శత్రువు కంటికి సైనికుడే.

అట్లు ఇంగ్లీషు సేనకు ఎడ్లు తోలిన కావస్జీ అనువాడు టిప్పు మనుషుల చేత చిక్కినాడు. వారు అతని ముక్కును, ఒక చేతిని కోసి విడిచిపెట్టినారు. అతనితోబాటు నలుగురు 'తిలంగా'లకు కూడ ఇదే గతి పట్టినదని కొందరు వ్రాసినారు. తెలుగు సీమ నుండి సేనలో చేరినవారిని బట్టి పుట్టిన ఈ మాట, తరువాత కుంపినీ సిపాయిలందరికి పేరుగా నిలిచినది.

కావస్జీ సుమారు ఒక సంవత్సరము ముక్కు లేకయే బ్రదికినాడు. పిమ్మట పూనా సమీపమున ఇటుకలు చేయు కులమువాడొకడు అతనికి ముక్కు పెట్టినాడు. బొంబాయి ఆధిపత్యమునకు చెందిన థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే అను ఇంగ్లీషు వైద్యులు ఈ చికిత్సను కన్నులార చూచినారు. ఆ వృత్తాంతము 1794 అక్టోబరులో లండనులోని 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్'లో లేఖగా వెలువడినది. జేమ్స్ వేల్స్ అను చిత్రకారుడు కావస్జీ రూపమును చిత్రించినాడు.

ఆ పనివాడు చేసినదేమి? మొదట మైనమును పలుచని రేకుగా చేసి, తెగిన ముక్కు మోడుపై నుంచి, చక్కని ముక్కు వలె మలచినాడు. దానిని తీసి చదును చేసి, నొసటిపై పరచి, చుట్టును గీత గీసినాడు. ఆ గీత వెంబడి చర్మమును కోసి ఒలిచినాడు గాని, కన్నుల నడుమ ఒక సన్నని పట్టీని మాత్రము తెగకుండ ఉంచినాడు. మోడు అంచున గట్టిపడిన మచ్చను చెక్కివేసి, దాని వెనుక గాటు పెట్టి, నొసటి చర్మమును మెలిత్రిప్పి క్రిందికి దించి, అంచును ఆ గాటులో చొప్పించినాడు. తాంబూలములో వేసుకొను కాచు వంటి పదార్థమును నీటితో మెత్తచేసి గుడ్డపేలికలపై పూసి, ఐదారింటిని ఒకదానిపై నొకటి అంటించి అతుకును నిలిపినాడు. నాలుగు దినముల తరువాత ఆ పేలికలను తీసి నేతిలో తడిపిన గుడ్డలను వేసినాడు. రోగి ఐదారు దినములు వెలకిల పరుండి యుండవలెను. పదవనాడు ముక్కు రంధ్రములు మూసికొనకుండ మెత్తని గుడ్డముక్కలను ఉంచవలెను. ఇరువదియైదవ నాటి ప్రాంతమున ఆ సన్నని పట్టీని కోసివేసినారు. మత్తుమందుతో శస్త్రచికిత్స చేయుట లోకమునకు పరిచయమగుటకు అప్పటికింకను అర్ధశతాబ్ది పట్టవలసి యున్నది.

ఈ విద్యలోని రహస్యమంతయు ఆ సన్నని పట్టీలో నున్నది. చర్మమును పూర్తిగా తెంచి తెచ్చినచో, అంత మందమైన ముక్కకు నెత్తురు అందక అది ఎండి కుళ్లిపోవును. పట్టీ ఉన్నంత కాలము నెత్తురు పాత త్రోవనే ప్రవహించును. ఈలోపల క్రొత్తచోట సన్నని రక్తనాళములు పుట్టి ముక్కును పోషింప నారంభించును. ఆ మీదట పట్టీ తెగినను భయము లేదు. మామిడిని అంటుకట్టు తోటమాలి, అతుకు పట్టువరకు కొమ్మను తల్లిచెట్టు నుండి వేరుచేయడు. ఇదియు అట్టిదే.

సుశ్రుతుడు తన సంహితలో ముక్కును నిలుపు విధానమును చెప్పియున్నాడు. తెగిన ముక్కుకు సరిపడు ఆకును కొలతగా తీసికొని, చెంప చర్మమును తెచ్చి అతుకుట ఆ పద్ధతి. పూనా పనివాడు నొసటి చర్మమును వాడినాడు. గ్రంథములోని విద్య, చేతిలోనికి వచ్చి, తరతరముల అనుభవముచే కొంత మారి నిలిచినదని తలపవచ్చును.

లండనులో జోసెఫ్ కార్ప్యూ అను శస్త్రవైద్యుడు ఆ లేఖను చదివి, మృతదేహములపై చిరకాలము అభ్యసించి, 1814 అక్టోబరు 23వ తేదీన ఒక సైనికాధికారికి ఇట్లే ముక్కు పెట్టినాడు. 1816లో గ్రంథమును ప్రకటించినాడు. నొసటి చర్మముతో ముక్కు నిలుపుటకు నేటికిని లోకమంతట 'భారతీయ పద్ధతి' అనియే పేరు.

ఇక్కడ ఒక్క విషయము మనసును కలచివేయును. ఎడ్లు తోలినవాని పేరు చరిత్రలో నిలిచినది. చూచిన వైద్యుల పేర్లు నిలిచినవి. బొమ్మ గీసినవాని పేరు నిలిచినది. చదివి అనుకరించినవానికి గ్రంథకర్తృత్వము దక్కినది. చేసినవాని పేరు మాత్రము ఆ లేఖలో లేదు. అతని కులమొక్కటే యున్నది. అతడు వ్రాయలేదు, మనము అడుగలేదు. చేతివిద్యకు అక్షరము తోడు కానందున, ఇంటి సొత్తును పరాయివాని పత్రికలో చదివి తెలిసికొనవలసి వచ్చినది.

చేతిపనికిని శాస్త్రమునకును గల ఈ ఎడము పశ్చిమ దేశములలో కూడ లేకపోలేదు. అచ్చట పండ్లు పెరుకుట ఒకప్పుడు మంగలివాని పని. కాని మొదటి ప్రపంచయుద్ధమున దవడలు పగిలిన సైనికులు వేలకొలది రాగా, శస్త్రవైద్యులకు దంతవైద్యుల నేర్పే దిక్కైనది. విరిగిన దవడ సరిగా కూడినదా లేదా చెప్పునది పలువరుసయే. పైపండ్లు, క్రిందిపండ్లు పూర్వమువలె కలిసినచో ఎముకయు తన చోటికి వచ్చినట్లే. అందుచే పండ్లను తీగెలతో బిగించి, ద్రవాహారము నిచ్చుచు ఎముకను అతుకనిచ్చెడివారు. దంతవైద్యుడైన వారజ్‌తాద్ కజాంజియన్ ఈ పనిలో గణుతికెక్కి, పిమ్మట హార్వర్డులో ముఖ పునర్నిర్మాణ శస్త్రవిద్యకు ఆచార్యుడైనాడు. హెరాల్డ్ గిలీస్ 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో ఇందుకే ప్రత్యేకమైన ఆసుపత్రిని నడిపినాడు. నేడు తీగెలకు తోడు టైటేనియపు రేకులు, మరలు వచ్చినవి. వెండ్రుకలంత దారముతో, సూక్ష్మదర్శిని క్రింద రక్తనాళములను కుట్టి, కాలి ఎముకతో దవడను నిర్మించుచున్నారు. పూనా పనివాని పట్టీ చేసిన పనినే ఇప్పుడు ఆ కుట్టు చేయుచున్నది.

ఈ విద్య పాఠశాల వాకిటికి వచ్చు సందర్భము ఒకటి కలదు. పెదవియో అంగిలియో చీలి పుట్టిన బిడ్డను మనవారు 'గ్రహణము మొర్రి' అందురు. గ్రహణవేళ కదలినదని తల్లిని నిందింతురు. నిజమునకు పెదవి గర్భములో నాలుగవ వారము నుండి ఏడవ వారము లోపల, అంగిలి ఆరవ వారము నుండి తొమ్మిదవ వారము లోపల కూడవలెను. ఆ కూడిక తప్పుటయే చీలిక. గ్రహణమునకు దీనితో ఏ సంబంధమును లేదు. పెదవిని సాధారణముగా మూడు నుండి ఆరు నెలల వయసులోను, అంగిలిని పదునెనిమిది నెలల లోపలను సరిచేయుదురు. చిగురు ఎముకలో చీలిక యున్నచో, కోరపన్ను దిగకమునుపే తుంటి ఎముక నుండి కొంత తెచ్చి నింపుదురు. ఆ ఎముక గుండనే పన్ను వచ్చును.

అంగిలి మూయని బిడ్డ ప, బ, త, ద అనబోయినచో గాలి నోట నిలువక ముక్కు గుండ జారిపోవును, అక్షరము అనునాసికమగును. అది నేర్వనితనము కాదు, అల్లరియు కాదు. అట్టి బిడ్డను తరగతిలో నిలువబెట్టి పదే పదే పలికించిన ఉపాధ్యాయుడు, తెలియకయే, ముక్కు కోసిన శిక్షను మరల విధించినవాడగును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము, పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు బాలలలో పరీక్షించు లోపములలో పెదవి, అంగిలి చీలికయు చేరియున్నది. బిడ్డను వైద్యుని కడకు పంపు మొదటి మాట ఉపాధ్యాయుని నోటనే రావలసి యుండును.

పూనా పనివాడు ఒక ఎడ్లు తోలువానికి నలుగురిలో తిరుగు ముఖమును తిరిగి ఇచ్చినాడు. అతని పేరును మనము తెలిసికొనలేము. అతడు చేసిన పనిని మాత్రము కొనసాగింపవచ్చును. కత్తి పట్టనివారికి కూడ అందులో కొంత భాగము కలదు.